వెండి పత్తికాయ

మా డ్రాయింగ్ టీచరుగారు ఏ వస్తువు చేతికిచ్చినా ముందు కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూసేవారు. జగ్గయ్యపేటలో ఆవిడ దగ్గర వెండిపని నేర్చుకున్నన్నాళ్లూ చూశాను.

ఒక ఏడాదంతా కూర్చుని ఆవిడ తన మెడకోసం వెండితో విచ్చుకున్న పత్తికాయ ఒకటి చేసుకున్నారు. చూస్తే చేలోంచి అప్పుడే తెంపినట్టుండేది. మెరుగు పెట్టమని నందిగామలో ఒక నగల షాపులో ఇచ్చాం. వారం తర్వాత వెళ్తే షాపువాడు సన్నటి గొలుసొకటి చేతిలో పెట్టాడు.

"అది వంకరటింకరగా ఉంది కదా మేడం, కరిగించి చక్కగా గొలుసు చేయించా. తూకం చూసుకోండి, ఒక్క గ్రాము తగ్గదండి. మజూరీ కూడా వద్దులెండి."

వాడు మోసం చేయలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. టీచరుగారి బొటనవేలు గొలుసు మీద ఏదో వెతుక్కుంటూ జారిపోయింది.

మరుసటేడు వాడే ఫోన్ చేశాడు. పోయిన వాళ్లమ్మ వెండి కడియాలకు సీల ఊడిందట, ఆ పాతపని నందిగామలో ఎవరికీ రాదట. టీచరుగారు తెమ్మన్నారు. ఆ కడియాలు కరిగించేటప్పుడు మంట పట్టింది నేనే.

తీసుకెళ్లడానికి వచ్చి పొట్లం విప్పితే పత్తికాయ కనపడింది వాడికి.

"ఇదేంటి మేడం? మా అమ్మ కడియాలేవండీ?"

"తూకం చూసుకోండి. ఒక్క గ్రాము తగ్గదు," అన్నారు టీచరుగారు.

వాడు తూకం వేయలేదు. కళ్లు మూసుకుని, పత్తికాయను బొటనవేలితో తడుముతూ నిలబడిపోయాడు.

నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.