తెల్లవారుజామున రాసిన నివాళి

పోయిన మనిషి ఫొటో పక్కన నిలబడి, సంవత్సరీకానికి వచ్చిన బంధువులందరి ముందు నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరిలో, వైట్ టౌన్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు. యానాం వెళ్ళే తెలుగు నోటీసులు, ఉత్తర్వులన్నీ నేనే రాయాలి. నెల్లితోపులో అద్దెకుంటూ కథలు కూడా రాసేవాణ్ణి. అదీ సెలవు రోజుల్లో, అన్నం తిని గంటసేపు కునుకు తీశాక. ఊళ్ళో దుకాణాలన్నీ షట్టర్లు దించి పడుకునే ఆ వేళ దాటితేనే నాకు మాటలు దొరికేవి. కానీ అసలైన రచయితలు బ్రాహ్మీ ముహూర్తంలో లేస్తారని ఎవరో అన్నారు. నమ్మాను. కునుకు మానేసి నాలుగింటికి అలారం పెట్టాను. నవ్వకండి, అసలు సంగతి ముందుంది.

ఆ రోజుల్లోనే ఇంటి ఓనరు సరోజమ్మ పెద్దమ్మ మేడ మీదికి వచ్చింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు.

"మా ఇంటాయన పొయ్యి ఏడాది కావస్తా ఉండాదప్పా. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి చదవతావా? మన మాటలో ఒక్కతూరి వినాలని ఆశ."

"ఎప్పటికి కావాలి పెద్దమ్మా?"

"వచ్చే శుక్రవారానికి. మెల్లగానే రాయి. నిద్ర చెడగొట్టుకోబాక."

ఆ చివరి మాట ఒక్కటీ నేను వినలేదు. మూడు తెల్లవారుజాములు తూగుతూ రాసి, కవరులో పెట్టి ఇచ్చాను. ఆమె దానికి పసుపు, కుంకుమ పెట్టి ఫొటో ముందు ఉంచింది. అందులో ఏముందో చదవగలిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. చదవాల్సిన నేను చదువుకోలేదు.

శుక్రవారం ఆ కవరు విప్పి గొంతు సవరించుకున్నాను. "గోవిందసామిగారు మాట తప్పని మనిషి. పొరుగింట్లో జ్వరమంటే తెల్లవార్లూ తోడు కూర్చునేవారు." పెద్దమ్మ ముందుకు వంగి వింటోంది. పేజీ తిప్పి, అదే ఊపులో చదివేశాను.

"కావున సదరు గోవిందసామి ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరైనందున, ఏడు రోజుల్లోగా స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో తదుపరి చర్య తీసుకోబడును."

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నా నిద్ర చావుబతుకుల తేడా కూడా ఎరగలేదు. నేను తూగుతుంటే నా చెయ్యి తన మానాన ఆఫీసు పని చేసుకుపోయింది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ కొడుకు సేకర్ లేచాడు.

"ఏంది సార్ ఇది? చచ్చిపోయిన మా నాయన యాడికి రావాల?"

"క్షమించండి, అది నిద్రలో..."

పెద్దమ్మ చెయ్యెత్తింది. "ఉండు సేకరా. ఆయప్ప అడిగిందాంట్లో తప్పేముండాది? మీ నాయన కాఫీ పెట్టమని చెప్పి, నేను తెచ్చేలోపల పొయ్యినాడు. ఒక్క మాటన్నా చెప్పినాడా? ఏడాదిగా నేనూ అదే అడగతా ఉండా."

నవ్వింది. నవ్వుతూనే భోరున ఏడ్చింది. ఆయన పోయాక అమ్మ ఏడవడం అదే మొదటిసారని సేకర్ తర్వాత చెప్పాడు. నేను మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కాబట్టి పాఠకులారా, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. బ్రాహ్మీ ముహూర్తాన్ని రుషులకే వదిలేశాను. మధ్యాహ్నం కునుకు తీయకుండా కలం ముట్టను. ఈ ప్రమాణానికి కాపలా పెద్దమ్మే. సెలవు రోజు రెండింటికి ఎవరైనా నా కోసం వస్తే మెట్ల దగ్గరే ఆపేస్తుంది.

"ఆయప్ప రాస్తా ఉండాడు. లేపబాకండి."