మూడో మెట్టు మీద జర్మనీ

జర్మనీ వాళ్లు పిలిచి ఇస్తామన్నదాన్ని వద్దన్న మొనగాడు మా కోరుట్లలో నేనొక్కడినే. ఆ రోజుల్లో తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీద ఉండేది. హైదరాబాదులో కాలేజీ మూతపడితే, నేను బాపు బట్టల దుకాణంలో గల్లా పక్కన కూర్చుని జర్మన్ క్రియలు వల్లించేవాణ్ని. రెండు నెలలు జర్మనీలో ఉంచుకుని భాష నేర్పి, ఒక పిల్లల కథల పుస్తకాన్ని తెలుగు చేస్తే డబ్బులు కూడా ఇస్తామని అక్కడి సంస్థ ఒకటి ప్రకటించింది. దరఖాస్తులో 'అనువాదానికి ఎంత కావాలి' అని ఒక గడి ఉంది. దుకాణదారు కొడుకును కదా, కావలసినదానికి రెట్టింపు రాశాను. (తగ్గించడానికి చోటు ఉంచకపోతే గిరాకీకి మర్యాద చేయనట్టే.)

జవాబు వచ్చింది. టికెట్టు, బస, చదువు అన్నీ వాళ్లవే. అనువాదానికి మాత్రం నేనడిగినదాంట్లో సగం. అంటే సరిగ్గా నాకు కావలసినంత. శుక్రవారంలోగా సరేనని రాయమన్నారు. బాపుకు చూపిస్తే ఆయన గజంబద్ద పక్కన పెట్టి, "సగం అన్నరంటే ముప్పావుకు వస్తరు రా. నువ్వు మెట్లు దిగు, వాళ్లే పిలుస్తరు" అన్నాడు. మా దుకాణానికి మూడు మెట్లు. అలిగి వెళ్లే గిరాకీని రెండు మెట్ల దాకా చూడనట్టే ఉండి, మూడో మెట్టు మీద "అక్కా, ఇటు రా, నీ మాటే కానియ్యి" అని పిలవడం మా ఇంటి విద్య. సోమవారం జగిత్యాలలో నాకు తెలిసిన భాయ్ నెట్ షాపుకు వెళ్లి, 'ఆ ధర నాకు గిట్టదు' అని ఒక్క తప్పు లేని జర్మన్‌లో రాసి పంపాను.

ఇక పిలుపు కోసం ఎదురుచూశాను. గురువారానికి నా ధైర్యం చివరి మెట్టు కూడా దిగేసింది. శుక్రవారం పొద్దున, సగానికే ఒప్పుకుందామని బాపు స్కూటర్ తీసుకుని బయలుదేరితే, సగం దారిలో రాస్తారోకో, రోడ్డు మధ్యలోనే వంటావార్పు. "ఏడికి పోతున్నవ్ బిడ్డా, తెలంగాణ వద్దా నీకు? గీ ఉల్లిగడ్డలు కొయ్యి" అని ఒక పెద్దమ్మ నా చేతికి కత్తిపీట అందించింది. రెండు బుట్టల ఉల్లిగడ్డలు కోసి, పప్పన్నం తిని, జగిత్యాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బంద్ కాబట్టి భాయ్ షట్టర్ సగమే ఎత్తాడు. వంగి లోపలికి దూరాను.

ఉత్తరం ఉంది. నా నిజాయితీకి కృతజ్ఞతలు, ఆ చోటు తరువాతి అభ్యర్థికి ఇచ్చామని రాశారు. "ఏమంటున్నరు తమ్మీ, కండ్లు గట్ల ఎర్రగైనయ్?" అన్నాడు భాయ్. "ఉల్లిగడ్డలు భాయ్" అన్నాను. (చాలా ఏళ్లు ఆ రాస్తారోకో వల్లే పోయిందని చెప్పుకున్నాను. నిజానికి ఉత్తరం మంగళవారమే వచ్చి కూర్చుంది.)

తరువాతి అభ్యర్థి ఎవరో కాదు, హైదరాబాదులో నాతో పాటు జర్మన్ నేర్చుకున్న సిరిసిల్ల పిల్ల. మా దుకాణం మెట్ల విద్య విని నన్ను సేటు అని వెక్కిరించేది ఆమే. ఫోన్ చేసి, "నీకెంత ఇస్తమన్నరు?" అన్నాను.

"నీకు చెప్పినంతే."

"బేరం చెయ్యలేదా?"

"మా బాపు సాంచెల మీద బట్ట నేసే కూలి సేటూ. ఇచ్చింది తీసుకునుడే గని, మెట్లు దిగుడు మాకేడికెల్లి వస్తది?"

ఆ రాత్రి బాపు అన్నం సరిగ్గా తినలేదు. నేను తిన్నాను.

కొన్నేళ్లకు ఆ కథల పుస్తకం తెలుగులో అచ్చయింది. సిరిసిల్లలో వాళ్లింటికే వెళ్లి కొన్నాను. "నీకు తక్కువ చేస్త తియ్యి" అంది. వద్దని, అట్ట మీద ఉన్న ధరకే తీసుకుని, అక్కడే అరుగు మీద మొదటి కథ చదివాను. నేను చేసి ఉంటే అంత బాగా వచ్చేది కాదు. (ఈ మాట ఆమెకు చెప్పలేదు. సరుకు బాగుందని అమ్మేవాళ్ల ముందు అనకూడదు.) లేచి మెట్లు దిగుతున్నాను. మూడో మెట్టు మీద వెనక నుంచి పిలుపు.

"సేటూ, ఆగు."

ఇన్నేళ్లకు.

"చిల్లర మర్చిపోయినవ్."

చివరి బిల్లు ఇది: పోయింది రెండు నెలల జర్మనీ. వచ్చింది ఒక మంచి పుస్తకం, పది రూపాయల చిల్లర. తప్పు బేరం చేసినవాడిదే.