గన్నవరంలో రెండో కాఫీ

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. బెజవాడ వన్ టౌన్‌లో మా చేనేత బట్టల కొట్టు వెనక గోడౌన్‌లో ఎవరో తిరుగుతున్నారని గుమాస్తాలు హడలిపోతే, చాప వేసుకుని అక్కడే పడుకున్నవాణ్ణి. ఎలుకలు తప్ప ఏమీ కనబడలేదు. అలాంటి నాకు పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం గన్నవరం విమానాశ్రయంలో జరిగిన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు. మా బావ వింటే, ఇంకేం, అంతటితో సరిపోయిందిగా అంటాడని.

ముందు బావ చేసింది చెప్పాలి. మా అక్క కూతురు సరళ పెళ్ళి పామర్రులో జరిగింది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ వెదురుబుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొస్తాడు. సరళకు మేనమామను నేనొక్కణ్ణే. బుట్ట నేనే దగ్గరుండి అల్లించాను. పసుపు పూయించి, అంచుకు మా కొట్లోని ఎర్రగుడ్డ చుట్టించాను. ఆ రోజు నేనెక్కిన బస్సు ఉయ్యూరు దాటాక చెడిపోయింది. బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచి, దారిలో ఎడ్లబండి దొరికితే ఎక్కి, పెళ్ళింటికి చేరేసరికి సరళ పీటల మీద ఉంది. బావ తన పినతండ్రి కొడుకు చేత ఇంకేదో బుట్టలో మోయించేశాడు.

"ముహూర్తం నీ కోసం ఆగుతుందటోయ్?" అన్నాడు బావ, అందరూ వింటుండగా. "అయినా బుట్ట బాగుంది. ఉల్లిపాయలు పోసుకో."

నవ్విన ప్రతివాడి ముఖం నాకు గుర్తుంది. విస్తరి ముందు కూర్చోకుండా బుట్ట తీసుకుని విజయవాడ వచ్చేశాను. దాన్ని గోడౌన్ అటక మీద పెట్టాను. ఆ తర్వాత బావతో మాట్లాడలేదు.

సరళ మీద మాత్రం కోపం ఎందుకుంటుంది? హైదరాబాదులో కాపురం పెట్టాక కూడా, ఇటు వచ్చినప్పుడల్లా పటమటలో మా ఇంటికి వచ్చేది. "నన్ను ఎత్తుకోకుండానే అత్తారింటికి పంపించేశావు మామయ్యా" అని ఏడిపించేది.

ఒకరోజు పొద్దున కొట్టుకు ట్రంకాల్ వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రి నుంచి మా అక్క. సరళకు కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది, తల్లికి రక్తం ఆగడం లేదు, స్పృహ నిలవడం లేదు.

"మామయ్య రాలేదా అని ఒకటే కలవరింతరా. రైలంటే రాత్రికి గానీ లేదు. విమానంలో రా."

"బావ రమ్మన్నాడా?"

"ఇప్పుడు కూడా అదేనా? ఆయన గోడకు తల ఆనించి కూర్చున్నాడు. నువ్వు రారా తమ్ముడూ, పిల్ల దక్కేట్టు లేదు."

టికెట్లు ఇప్పించే ఆఫీసులో ముందు వరసలో మాత్రమే సీటుందన్నారు. "పెద్దవాళ్ళ కోసం ఆపి ఉంచేదండీ, మన బెజవాడకు అదే ఫస్ట్ క్లాసు" అన్నాడు ఆఫీసు కుర్చీలో ఉన్నాయన. ఆ సీటే తీసుకున్నాను. ఆ టికెట్టున్నవాళ్ళు గన్నవరంలో లాంజ్‌లో కూర్చోవచ్చట. తీరా వెళితే, గుమ్మం దగ్గర గుమాస్తా నా పంచె చూసి బయట బెంచీ చూపించాడు. టికెట్టు అతని ముఖం ముందు పెట్టి, పై అధికారిని పిలవమని గొడవ చేస్తే గానీ లోపలికి పోనివ్వలేదు.

లాంజ్ అంటే ఏమీ లేదు. చిన్న గది, నాలుగు సోఫాలు, చప్పుడు చేసే పంకా. నేను తప్ప ఎవరూ లేరు. హైదరాబాదు నుంచి రావలసిన విమానం ఇంకా రాలేదు. కూర్చుంటే కాళ్ళు ఆగవు. లేచి కిటికీ దగ్గరికి పోతే ఎండలో ఖాళీ రన్‌వే, దాని అవతల వరిచేలు. మళ్ళీ వచ్చి కూర్చోవడం. గుమాస్తాను అడిగితే "వస్తుందండీ" అనేవాడు, తల ఎత్తకుండా. అక్కడ పిల్ల ప్రాణం పోతుంటే ఇతనికి వస్తుందండీ తప్ప ఇంకో మాట రాదు.

బేరర్ కాఫీ తెచ్చాడు. ఒక కప్పు నా ముందు, ఇంకొకటి నా పక్కన పెట్టాడు.

"నేనొక్కణ్ణేనయ్యా" అన్నాను.

"అమ్మాయిగారికండీ."

"ఏ అమ్మాయి?"

అతను నా పక్కన సోఫా చూశాడు. గుమ్మం వైపు చూశాడు. "ఇప్పుడే ఇక్కడ కూర్చున్నారండీ, మీకు ఆనుకుని. బుగ్గన చుక్క అదీ ఉంటే, పెళ్ళికూతుర్ని తీసుకెళుతున్నారనుకున్నా. బయటికెళ్ళుంటారు లెండి" అని కప్పు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

మతిలేని మనిషి అనుకున్నాను. ఆ కాఫీ మీగడ కట్టి చల్లారిపోయింది.

చివరికి విమానం దిగింది, ప్రయాణికుల్ని రమ్మన్నారు. సోఫాలోంచి లేవబోతే నా రెండు చేతుల్లోకీ బరువు వచ్చి పడింది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, బరువు. చిన్నప్పటి నుంచీ బట్టల మూటలు ఎత్తినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. చేతులు వాటంతటవే ముందుకు వంగాయి. చాపుదామంటే సాగలేదు. అలాగే, ఏదో మోస్తున్నట్టు, ఎండలో నడిచి విమానం మెట్లెక్కాను. పైన నిలబడిన ఎయిర్ హోస్టెస్ ఒక మనిషికి ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ దారి ఇచ్చి, గోడకు ఒత్తుకుని, "నిదానంగా అండీ" అంది.

నా సీటు పక్కది ఖాళీ. ఆ సీటు మీదికి చేతులు దించగానే బరువు పోయింది. వెనక నుంచి ఒకాయన వచ్చి ముందు కూర్చుంటానని అడిగాడు. "అది ఖాళీ లేదండీ" అంది ఎయిర్ హోస్టెస్. హైదరాబాదులో దిగేదాకా అందులో ఎవరూ కూర్చోలేదు. నేను ఒక్క నిమిషం కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. దేని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియకపోవడం నాకు అదే మొదటిసారి.

ఆసుపత్రి వరండాలో బావ ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. మధ్యాహ్నం రక్తం ఆగిందట. డాక్టరమ్మ చేయవలసిందంతా పొద్దున్నే చేసిందట, అప్పుడు ఎందుకు ఆగలేదో, తర్వాత ఎందుకు ఆగిందో ఆమె కూడా చెప్పలేదట.

సరళ కళ్ళు తెరిచే ఉంది. మనిషి సున్నంలా పాలిపోయింది.

"దించేసి ఎటు పోయావు మామయ్యా?" అంది సన్నగా. "ఎర్రంచు బుట్ట బాగుంది."

ఆ బుట్ట పందిట్లోకే పోలేదు, తను చూడలేదు. అంచు సంగతి వాళ్ళ నాన్న ఎప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కాదనను. బావ గుమ్మంలో నిలబడి అదంతా విన్నాడు. నా చేతులకేసి చూశాడు. అప్పుడు నేనూ చూసుకున్నాను. ముంజేతుల మీద వెదురు అల్లిక అచ్చు పడినట్టు ఎర్రటి గీతలున్నాయి.

తిరిగి రాగానే గోడౌన్‌లో నిచ్చెన వేసి అటక చూశాను. బుట్ట పెట్టినచోటే ఉంది. దాని మీది దుమ్ము చెదరలేదు.

ఆ రోజు వేసుకున్న తెల్లచొక్కాకు గుండెల మీద పెద్ద మరక ఉంది. కాఫీ ఒలికిందనుకున్నాను. మా ఆవిడ నూతి దగ్గర దానికి సబ్బు రుద్దుతూ పిలిచింది. మరక ఎర్రగా తిరిగింది.

"కాఫీ కాదండీ, పసుపు" అంది. "ఎవరి పెళ్ళికెళ్ళొచ్చారు?"

ఇది జరిగి ఏళ్ళయింది. సరళ పిల్లల తల్లయి సుఖంగా ఉంది. బావ ఇంతవరకూ తప్పయిందన్న మాట అనలేదు, నేనూ ఆయన గడప తొక్కలేదు. చుట్టాల్లో సరళ పెళ్ళి మాట వచ్చి, పిల్లను ఎవరు ఎత్తుకొచ్చారని అడిగితే ఇదివరకు ఆ పినతండ్రి కొడుకు పేరు చెప్పి, జరిగిందంతా ఏకరువు పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ పేరు చెప్పబోతే నోరు రాదు. నేనే అనడానికీ రాదు.