మామ వేడిచేసిన ప్యాకెట్ కూర

మొన్న హోసూరులో పెద్ద అంగడికి పోతే, అరల నిండా పేర్చిన రెడీమేడ్ కూరల ప్యాకెట్లను జనం పేరైనా చదవకుండా బుట్టలో వేసుకుంటా ఉన్నారు. అలాంటిదొకటి కొన్నందుకు నేను భయపడిన రోజులు గుర్తుకొచ్చినాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతా ఉంటిని, మా ఆయనకు కృష్ణగిరిలో ఉద్యోగం, ఇల్లు చేరేసరికి పొద్దుపోయేది. అత్త పోయినాక ఉద్దనపల్లిలో ఒంటరిగా ఉండలేక మామ మా దగ్గరికి వచ్చేసినారు. నలభై ఏండ్లు అత్త చేతి సంగటి, ఉలవచారు తిన్న మనిషి, నేను వండింది నాలుగు ముద్దలు తిని లేచిపోతా ఉంటే, అది దుఃఖమో నా వంట బాగాలేకనో తెలియక, అడిగే ధైర్యమూ లేక లోలోపలే కుమిలిపోయేదాన్ని.

ఒకనాడు షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి కాళ్లు నిలవలేదు. దారిలో కొన్న పాలకూర పనీరు ప్యాకెట్‌ను వేడినీళ్లలో పెట్టి, గిన్నెలోకి ఒంపి, కవరును చెత్తబుట్ట అడుగున దాచి వడ్డించినాను. మామ ఒక ముద్ద తిని, "ఇది నీ చేతి కూర కాదు గదమ్మా" అన్నారు. ఏడుస్తా నిజం చెప్పేసినాను. ఆయన కోప్పడలేదు. కవరు తెప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపటికి ఇంకొకటి తెచ్చిపెట్టు. నీళ్లు కాచేది నాకు రాదా?" అన్నారు.

పుట్టి బుద్ధెరిగి పొయ్యి వెలిగించని మనిషి, మరునాడు నేను వచ్చేసరికి స్నానానికి సరిపోయేటన్ని నీళ్లు కాచి, అందులో ప్యాకెట్ వేసి, పట్టకారు పట్టుకుని గడియారం చూస్తా నిలబడి ఉన్నారు. వేళ్లు కాల్చుకుని మరీ నాకే ముందు వడ్డించినారు. "వేడిమీదనే తినమ్మా. మీ అత్తకు ఒక్కనాడైనా ఇట్ల పెట్టలేదు నేను" అని, ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఆ దినం ఇద్దరమూ కడుపునిండా తిన్నాము.

తర్వాత బాగలూరులో ఇచ్చిన మా ఆడబిడ్డ వచ్చి, మా నాయనకు ప్యాకెట్ కూర పెడతావా అని నామీద లేస్తే, "పెట్టేది ఆయమ్మ కాదు, నేను" అని మామే ఆమె నోరు మూయించినారు. ఉన్నన్నాళ్లూ, నేను అలిసి వచ్చే దినాల్లో పొయ్యి ఆయనదే.

ఆ కూరలో ఉప్పెక్కువ, అదొక రకం వాసన. ఇప్పుడు ఎంతో మంచివి దొరుకుతున్నాయి. ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లు వేడిచేసుకుని తింటున్నారు, తప్పని నేననను. అయినా, గేటు చప్పుడు విని మన కోసం పొయ్యి వెలిగించే మనిషి ఉండడం ఎంత భాగ్యమో, ఒంటరిగా కంచం ముందు కూచున్నప్పుడు తెలుస్తుంది.