పెళ్లి ఊరేగింపుకు రెండు సీట్ల కారు

డెబ్బైల చివర్లో పలమనేరులో మా పెళ్లి ఊరేగింపు. మా ఆయన స్నేహితుడు తాను చవగ్గా కొన్న పాత స్పోర్ట్స్ కారును బెంగళూరు నుంచి తెచ్చాడు. పైకప్పు లేని ఆ బుల్లి కారుకు రెండే సీట్లు. డ్రైవరు ఎక్కితే మాలో ఒకరు నడవాలి. అందుకని పెళ్లికొడుకే నడుపుతానన్నాడు.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగినా, చిత్తూరు గ్రంథాలయంలో మోటారు పుస్తకాలు కూడా వదలకుండా చదివినదాన్ని. ఆయన పాదం చూసి, "అది బ్రేకు కాదు" అన్నాను.

"నాకు తెలుసులే, గమ్మునుండు!"

వాలులో కారు ముందున్న మేళగాళ్ల మీదికి దూకింది. ఆయన స్టీరింగు వదిలేసి "అమ్మా!" అని అరిచాడు. మా మధ్యనున్న చేతి బ్రేకును నేను రెండు చేతులా లాగాను. డోలుకు జానెడు దూరంలో కారు ఆగింది.

అత్తగారు పరుగున వచ్చింది. "ఏందిమే, పెండ్లిరోజే మొగునికి అడ్డం పడతావా? అందరి ముందర వాని పరువు తీసినావు గదమే!"

"పరువు పోతే పోయింది తల్లీ, మా కాళ్లుండాయి," అన్నాడు డోలాయన.

తక్కువ ధరకే అంత సరదా పంచే చిన్న కార్లు ఇప్పుడు కనబడవు. అత్తగారింట్లో మాత్రం ఈనాటికీ "ఆ డొక్కు కారుకు బ్రేకు లేదు" అనే చెబుతారు. ఆ బ్రేకు నిక్షేపంగా పనిచేసింది. లాగిన నాకు తెలుసు.