స్లయిడ్ల పట్టీకి నలుపు వేసిన రోజు

కంప్యూటర్ పని నేను మహబూబాబాద్ గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడ కంప్యూటర్ లేదు. అట్ట ఊడిన ఒక తెలుగు కంప్యూటర్ పుస్తకం ఉండేది. అందులోని బొమ్మలన్నీ నోటుబుక్కులో గీసుకుని, వేలితో నొక్కుతూ సాధన చేసేదాన్ని. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

భూపాలపల్లిలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పక్క సీటులో జనగామలో కోర్సు చేసొచ్చిన సీనియర్. అన్నా అని పిలిచేదాన్ని. నెలనెలా సమీక్షకు స్లయిడ్లు చేసేది నేను, మా ఆఫీసర్ మేడం ముందు చూపించి మెప్పు పొందేది ఆయన. ఒకసారి నిలదీశాను.

"నువ్వు తండా పిల్లవు. మేడం ముంగట నీకు మాట్లాడొస్తదా? జర ఊకో" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆయన మీదికి తిప్పాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఆయన పనితీరు కనిపెట్టాను. సమీక్షకు మూడు ఫైళ్లు తెరిచి పెట్టుకుంటాడు. పేర్లు చదవడు. పైన ఎర్ర పట్టీ కనిపిస్తే స్లయిడ్లు, ఆకుపచ్చ పట్టీ అయితే పట్టికలు, నీలం అయితే ఉత్తరాలు. ఆ రంగులు మార్చుకోవచ్చని నేను చదివి ఉన్నాను. ఫైల్ మెనూలో అకౌంట్ నొక్కి, థీమ్ దగ్గర నలుపు ఎంచుకోవాలి. ఒకదానిలో మారిస్తే మూడూ మారతాయి. స్లయిడ్లకు ఏమీ కాదు.

సమీక్ష రోజు పొద్దున్నే ఆయన కంప్యూటర్‌లో ఆ పని చేశాను.

మేడం వచ్చి కూర్చుంది. అన్న ఒక ఫైలు తెరిచాడు, నలుపు. రెండోదీ నలుపే, మూడోదీ నలుపే. ఏది స్లయిడ్లో తెలియక మూడింటినీ అటూ ఇటూ మార్చాడు.

"వైరస్ పడ్డది మేడం! అన్నీ ఖరాబైనయ్" అని వైరు పీకబోయాడు.

"ఆగు. నిన్న నువ్వే చేసిన అన్నవు గదా, గంత తెల్వదా?" అంది మేడం.

నేను లేచాను. "స్లయిడ్లు మంచిగనే ఉన్నయ్ మేడం. చుట్టూ రంగే మారింది. ఈ స్లయిడ్లు ఎవరు చేసిన్రో అన్ననే అడుగున్రి."

ఆయన తల దించుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు అన్నా, మేడంకు వినవడలే."

"గీ పిల్లనే చేసింది మేడం. ప్రతి నెలా గీమెనే."

ఈసారి నవ్వు ఆయన మీద పడింది. స్లయిడ్లు నేనే చూపించాను, మా తండా యాసలోనే.

సాయంత్రం దగ్గరికొచ్చి "పాత రంగు పెట్టు చెల్లె, పరేషాన్ అయితున్న" అన్నాడు.

"చూద్దాం తియ్ అన్నా."

వారం రోజులు ఆయన ఒక్కో ఫైలు పేరూ కూడబలుక్కుంటూ పనిచేశాడు. పక్కనే కూర్చుని చూశాను. ఒక్కరోజు కూడా జాలి కలగలేదు.