చెంపకు తెలిసిన పదును

మంచాల ఊరికి పోయే దారిలోని ఆ పల్లెలో విత్తనం వేసేముందు ఇద్దరిని అడిగేవాళ్లు. ముందు దేవుడిని, తర్వాత అంజిలయ్యను. ఆయన జానెడు లోతున చెయ్యి దూర్చి, పిడికెడు మన్ను తీసి ముద్దచేసి, కళ్లు మూసుకునేవాడు. "పదునైంది" అంటే చాలు, నాగళ్లు కదిలేవి. పదునంటే గింజ మొలవడానికి సరిపోయే తడి. ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, తక్కువైతే మాడుతుంది. నలభై ఏండ్లు ఆ వేళ్లు తప్పు చెప్పలేదు. ఎవరైనా పొగిడితే, "చెప్పేది భూతల్లి, నేను వినేటోన్ని" అనేవాడు.

నిరుడు షుగర్ వ్యాధి ఆ వేళ్లను మొద్దుబార్చింది. పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించి, కాలిన సంగతి తెలియక నిలబడ్డప్పుడు భార్య సుక్కమ్మ చూసింది. ఆనాటి నుంచి చాయ గ్లాసు తాను పట్టుకుని చూసి, చల్లారాకే అందిస్తోంది. ఈ ముచ్చట ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఈ ఏడు మృగశిరలో రెండు వానలు పడ్డాయి. పొరుగు రైతు జైపాల్ చెల్కలో, ఆ ఎర్ర ఇసుకనేలలో, ఒక తెల్లటి స్తంభం పాతారు. ఎండను, వానను, మట్టిలో తడిని కొలిచి ఫోనుకు చెబుతుంది.

"ఇరవై రెండు శాతం తడి చూపిస్తుంది కాక. చెల్కకు మస్తు. ఇయ్యాల్నే పత్తి పెడుతున్న. ఇగ నీ చెయ్యికి పింఛను ఇప్పియ్యాలె," అన్నాడు జైపాల్.

"రాయించురా, చెయ్యి పేరు మీదనే," అని నవ్వాడు అంజిలయ్య. నిజానికి ఆయనకు కొంత ఊరటే అయింది.

అంతలో మణెమ్మ వచ్చింది. భర్త పోయాక ఎకరం నల్లరేగడి ఒంటరిగా చేసుకుంటోంది. కొంగులో రెండు విత్తనాల ప్యాకెట్లు. అవి మాడితే ఈ ఏటికి మళ్లీ గింజ లేదు.

"అన్నా, ఆ మిషిన్ చెల్క ముచ్చట చెప్తది. నాది రేగడి. జర నువ్వు చూడు."

ఆమె పొలానికి పోయి చెయ్యి పెట్టాడు. ముద్దచేసి కళ్లు మూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. తన వేళ్లు ఎక్కడో దూరపు మబ్బుల్లో ఉన్నట్టనిపించింది. పదునైంది అనేస్తే పేరు నిలుస్తుంది. మరి గింజలు?

స్వామీ, అనుకున్నాడు. అప్పుడు, కలలోలాగా, అమ్మ వంగింది. చిన్నప్పుడు తనకు జ్వరం వస్తే, కాయలు కాసిన చేతులకు వేడి తెలియదని, నుదుటికి చెంప ఆనించి చూసేది.

పైమన్ను, అడుగుమన్ను విడివిడిగా తీసి చెంపకు ఆనించుకున్నాడు. పైమన్ను చల్లగా ఉంది. అడుగుమన్ను ఇంకా ఎండాకాలం కల కంటున్నట్టు వెచ్చగా, పొడిగా రాలింది.

"ఆగు మణెమ్మా. పైన తడిసింది గని, కింద భూమి ఇంకా రోహిణిలనే ఉన్నది. ఇంకొక్క వాన కావాలె."

గట్టు మీద నిలబడి చూస్తున్న జైపాల్ నవ్వాడు. "పసిపిల్లను ముద్దాడినట్టు ముద్దాడితివి గదా కాక."

మణెమ్మ నవ్వలేదు. ఆయన వేలిలో తుమ్మముల్లు దిగి నెత్తురు వస్తోంది, ఆయన చూసుకోనేలేదు. ఆమె మెల్లగా ముల్లు తీసేసి, "సరే అన్నా," అని ప్యాకెట్లు మళ్లీ కొంగున ముడివేసుకుంది.

పది రోజులు వాన లేదు. జైపాల్ చెల్కలో రెండాకులు లేచాయి. మణెమ్మ రేగడి ఉత్తగానే ఉంది. అంజిలయ్యకు అన్నం సయించలేదు. "తప్పు చెప్పితినా?" అంటే సుక్కమ్మ, "మబ్బును అడుగు, నన్నేం అడుగుతవ్," అని కూర వడ్డించింది.

పదకొండో నాడు మధ్యాహ్నం మొదలైన వాన దీపాలు పెట్టేదాకా నెమ్మదిగా, నిండుగా కురిసింది.

తెల్లవారి మణెమ్మ మోదుగాకులో జానెడు లోతున తీసిన మట్టిముద్ద పట్టుకుని వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె చేతికివ్వలేదు. వంగి, చెంప దగ్గర పెట్టింది.

"ఇప్పుడు చెప్పు అన్నా."

లోపలా బయటా ఒక్కటే చల్లదనం.

"పెట్టుకో పో, తల్లీ."

మణెమ్మ అక్కడే కొంగుముడి విప్పింది.